పాత సెలెక్టివ్ లెవెల్ మీటర్ కొనాలా, టైనీఎస్‌ఏతోనో ఎస్‌డీఆర్‌తోనో సరిపెట్టుకోవాలా?

నా టేబుల్ మీద సగం చోటు హెచ్‌పీ 3586సీ అనే పాత సెలెక్టివ్ లెవెల్ మీటర్ ఆక్రమించుకుని కూర్చుంది, బరువు ఇరవై కేజీల పైమాటే, ఇంటికొచ్చిన ప్రతి హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) ఫ్రెండూ దాన్ని చూసి అడిగేది ఒకటే, "జేబులో పట్టే టైనీఎస్‌ఏ స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉండగా ఈ రోజుల్లో ఇదెందుకు బాస్?" అని. న్యాయమైన ప్రశ్నే. కొనాలనుకునేవాళ్ళకి నేను తిరిగి వేసే ప్రశ్న ఇంకోటుంది: మీకు తెలుసుకోవాల్సింది "ఎక్కడెక్కడ ఏమేం సిగ్నల్స్ ఉన్నాయి" అనా, లేక "ఫలానా ఫ్రీక్వెన్సీ దగ్గర కరెక్ట్‌గా ఎంత ఉంది" అనా? మొదటిదైతే ఈ డబ్బా జోలికి రావొద్దు, డబ్బులూ నడుమూ రెండూ మిగుల్తాయి. రెండోదైతే మాత్రం ఇంత తక్కువ ఖర్చులో దీనికి సాటి వచ్చేది నాకైతే కనబళ్ళేదు.

అసలు ఈ మీటర్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు ఏసీ వోల్ట్‌మీటర్ వైర్ మీద ఉన్నదంతా కలిపి ఒక అంకె చూపిస్తుంది. ఇది అలా కాదు, షార్ట్‌వేవ్ రేడియోలాగా మీరు చెప్పిన ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అయి, అక్కడ ఓ ఇరవై హెర్ట్జ్ వెడల్పు సందులోంచి మాత్రమే చూసి, అందులో ఎన్ని డీబీఎంలు (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీలు) ఉందో 0.01 డీబీ దాకా చెప్తుంది. రేడియోలో సిగ్నల్ బలం చూపించే ఎస్ మీటర్ పీకేసి దాని చోట నిక్కచ్చి వోల్ట్‌మీటర్ బిగించారనుకోండి, అదే ఇది.

ఇవి పుట్టింది మనలాంటి హాబీ వాళ్ళ కోసం కాదు, టెలిఫోన్ వాళ్ళ కోసం. ఫైబర్ రాకముందు ట్రంక్ లైన్లలో ఒక్కో కాల్‌కి 4 కిలోహెర్ట్జ్ చోటిచ్చి, 12 కాల్స్‌ని 60 నుంచి 108 కిలోహెర్ట్జ్ మధ్య పక్కపక్కన పేర్చి ఒక గ్రూపు చేసేవాళ్ళు, అలాంటి గ్రూపులు ఐదు కలిపితే 312 నుంచి 552 కిలోహెర్ట్జ్ దాకా 60 చానెళ్ళ సూపర్‌గ్రూపు, అలా మీద మీద పేర్చుకుంటూ కోయాక్సియల్ కేబుల్‌లో వేల కాల్స్ పంపేవాళ్ళు. మధ్యలో 84.08 కిలోహెర్ట్జ్ లాంటి చోట్ల పైలట్ టోన్ ఒకటి వేసి, దాని లెవెల్ పడిపోయిందా పెరిగిందా అని చూసుకుంటూ ఉండాలి. పక్క చానెల్‌లో మాటలు నడుస్తుంటే వాటిని పట్టించుకోకుండా ఈ ఒక్క టోన్‌నే కొలవాలి కాబట్టి ఇంత సన్నటి ఫిల్టర్లు, ఇంత కచ్చితమైన లెవెల్ అవసరమయ్యాయి. అదంతా డిజిటల్ అయిపోయాక ఎక్స్ఛేంజీల నుంచి ఈ మీటర్లు లాట్లు లాట్లుగా స్క్రాప్‌కి పోయాయి. ఒకప్పుడు కంపెనీలు మాత్రమే కొనగలిగిన సరుకు మనదాకా వచ్చింది అందుకే.

నేను దీన్ని మొదటిసారి చూసింది ఎక్స్ఛేంజిలో కాదులెండి. మా బాబాయ్ కరెంట్ బోర్డులో పీఎల్‌సీసీ పని చేసేవాడు. 220 కేవీ సబ్‌స్టేషన్‌లో లైన్‌కి పెద్ద డ్రమ్ములాంటిది వేలాడుతుంటుంది చూశారా, అది క్యారియర్‌ని సబ్‌స్టేషన్‌లోకి పోనీకుండా ఆపే వేవ్ ట్రాప్, ఆ హైటెన్షన్ వైర్ల మీదే వందల కిలోహెర్ట్జ్ క్యారియర్ ఎక్కించి ఈ సబ్‌స్టేషన్ నుంచి ఆ సబ్‌స్టేషన్‌కి ఫోన్లూ ప్రొటెక్షన్ సిగ్నల్సూ పంపుతారు. అవతలి చివర క్యారియర్ ఎంత అందుతోందో చూడ్డానికి ఈ మీటరే వాడేవాళ్ళు. చిన్నప్పుడు అదేదో మాట్లాడని రేడియో అనుకున్నా.

సరే పోలికలోకి వద్దాం. ముందు టైనీఎస్‌ఏ, ఎందుకంటే అందరూ అడిగేది అదే.

టైనీఎస్‌ఏ అద్భుతమైన వస్తువు, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది, నా దగ్గరా ఉంది, రోజూ చేతిలోకి తీసుకునేది అదే. కానీ మొదట వచ్చిన మోడల్‌లో రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ (అంటే అది చూసే సందు వెడల్పు) కనిష్ఠం దాదాపు 3 కిలోహెర్ట్జ్, అల్ట్రా మోడల్‌లో 200 హెర్ట్జ్. ఇప్పుడు మీరు 40 మీటర్ల బ్యాండ్‌కి ఎస్‌ఎస్‌బీ (హ్యాములు మాటలకి వాడే పద్ధతి) ట్రాన్స్‌మిటర్ కట్టారనుకోండి, టూటోన్ టెస్ట్ చేయాలి, 700 హెర్ట్జ్, 1900 హెర్ట్జ్ రెండు టోన్లు మైక్‌లోకి ఇస్తారు, ఆర్‌ఎఫ్‌లో ఆ రెండూ 1200 హెర్ట్జ్ దూరంలో నిలబడతాయి, వాటికి అటూ ఇటూ మళ్ళీ అదే దూరంలో థర్డ్ ఆర్డర్ ముక్కలు, అంటే ట్రాన్స్‌మిటర్ పుట్టించే డిస్టార్షన్, వస్తాయి. 3 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌కి ఇదంతా కలిసి ఒకే గుట్టలా కనిపిస్తుంది, లోపల ఏముందో తెలీదు. అల్ట్రాలో నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి, గ్రాఫ్ చూసుకోవడానికి హాయిగా ఉంటుంది. 3586లో అయితే గ్రాఫూ లేదు గిరాఫూ లేదు, ఒక్కో ఫ్రీక్వెన్సీ కొట్టాలి, అంకె రాసుకోవాలి, ఇంకోటి కొట్టాలి. నాలుగు అంకెలకి రెండు నిమిషాలు. కాకపోతే ఆ నాలుగు అంకెల్లో తేడా ప్లస్ మైనస్ కొద్ది పాయింట్ల డీబీలోనే ఉంటుంది, చేతిలో పట్టే డబ్బాల్లో డీబీ రెండు డీబీలు అటూ ఇటూ అవడం మామూలే.

అలాగని రివర్స్‌లో వాడబోయి నవ్వులపాలు కావొద్దు. నేను కొత్తలో ఇంట్లో ఏదో ఎల్‌ఈడీ బల్బు చేసే నాయిస్ ఎక్కడుందో 3586తో వెతుకుదామని కూర్చున్నా. 100 కిలోహెర్ట్జ్ వెడల్పుని 20 హెర్ట్జ్ అడుగులతో వెతకాలంటే 5000 రీడింగులు, సెకనుకి ఒకటి అనుకున్నా గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది, అప్పటికి మా ఆవిడ ఆ బల్బు ఆర్పేసి పడుకుంది. వెతకడానికి టైనీఎస్‌ఏ, దొరికాక కొలవడానికి లెవెల్ మీటర్. రెండూ కొనలేకపోతే ముందు టైనీఎస్‌ఏనే కొనండి, ఇందులో నాకు మొహమాటం లేదు.

ఇక ఎస్‌డీఆర్, అంటే కంప్యూటర్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ రేడియో సంగతి. మామూలు ఆర్‌టీఎల్ యూఎస్‌బీ డాంగిల్‌లో ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) 8 బిట్లే, అంటే ఒకేసారి పెద్ద సిగ్నల్‌నీ చిన్న సిగ్నల్‌నీ చూడాలంటే ఓ యాభై డీబీల దగ్గర ఊపిరి ఆడదు, సాఫ్ట్‌వేర్‌లో బ్యాండ్‌విడ్త్ తగ్గిస్తే కొంత మెరుగవుతుంది నిజమే గానీ ఫ్రంట్ ఎండ్ ఓవర్‌లోడ్ అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ఇంకో గొడవ ఏంటంటే స్క్రీన్ మీద చూపించే డీబీలు దేనికి సంబంధించినవో దానికే తెలీదు. గెయిన్ ఆటోలో ఉంటే మరీ. ఆటో గెయిన్ ఆపేసి, తెలిసిన లెవెల్ ఇచ్చే సిగ్నల్ జెనరేటర్‌తో ప్రతి బ్యాండ్‌లో కాలిబ్రేట్ చేసుకునే ఓపిక ఉంటే ఎస్‌డీఆర్ బాగానే పనిచేస్తుంది, 14 బిట్, 16 బిట్ వాటితో అయితే ఇంకా బాగా. ఆ ఓపిక ఉన్నవాళ్ళని నేను ఇప్పటికి ఇద్దర్నే చూశా. మిగతావాళ్ళం స్క్రీన్ మీద జారే రంగుల వాటర్‌ఫాల్ చూసి మురిసిపోయే బాపతే.

ఆడియో వాళ్ళకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తా: మీ పని అంతా 20 కిలోహెర్ట్జ్ లోపే అయితే, ఆంప్లిఫయర్ డిస్టార్షన్, హమ్, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఇవే అయితే, మంచి 24 బిట్ యూఎస్‌బీ సౌండ్ కార్డూ ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి సాఫ్ట్‌వేరూ చాలు. ఒక్క క్లిక్‌తో హార్మోనిక్స్ అన్నీ వచ్చేస్తాయి. పాత మీటర్‌తో అయితే ఫండమెంటల్ కొలిచి, రెండోది కొలిచి, మూడోది కొలిచి, కాలిక్యులేటర్ పట్టుకోవాలి. ఉదాహరణకి రెండో హార్మోనిక్ మైనస్ 62 డీబీ, మూడోది మైనస్ 70 వచ్చాయనుకోండి, పవర్లు కూడి స్క్వేర్ రూట్ తీస్తే 0.086 శాతం దగ్గర తేలుతుంది. చేసుకుంటే మజాగానే ఉంటుంది, రోజుకి ఇరవై బోర్డులు టెస్ట్ చేయాలంటే ఉండదు.

మరి ఆడియోలో ఇది అస్సలు పనికిరాదా అంటే పనికొచ్చే చోట్లు లేకపోలేదు. సౌండ్ కార్డ్ 192 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ దగ్గర 96 కిలోహెర్ట్జ్‌లో ఆగిపోతుంది. క్లాస్ డీ ఆంప్లిఫయర్లు 300, 400 కిలోహెర్ట్జ్‌లో స్విచ్ అవుతుంటాయి, ఆ స్విచింగ్ చెత్త స్పీకర్ వైర్లలోకి ఎంత పోతోందో చూడాలంటే సౌండ్ కార్డ్‌కి చూపే ఆనదు, టైనీఎస్‌ఏకి అది కనిపిస్తుంది గానీ 100 కిలోహెర్ట్జ్ కింద మొదలే అవ్వదు. 3586 మాత్రం 50 హెర్ట్జ్ నుంచి 32.5 మెగాహెర్ట్జ్ దాకా ఒకే స్కేల్‌లో చూస్తుంది. ఆడియోకీ రేడియోకీ మధ్య ఉన్న ఆ ఎవరికీ పట్టని ఇలాకా దీని సొంతూరు.

ఇంత చదివాక కూడా కొనాలనే ఉంటే, ఏది కొనాలి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

హెచ్‌పీ 3586 మూడు రకాలు. ఏ అనేది యూరప్ వైపు సీసీఐటీటీ టెలిఫోన్ పద్ధతికి, బీ అనేది అమెరికా బెల్ పద్ధతికి, సీ అనేది జనరల్ వాడకానికి. లోపలి సరుకు దాదాపు ఒకటే, తేడా అంతా ముందున్న కనెక్టర్లలో, ఇంపీడెన్స్‌లలో, ఫిల్టర్లలో. సీలో 50 ఓమ్స్, 75 ఓమ్స్, 600 ఓమ్స్ బ్యాలెన్స్‌డ్ ఉంటాయి, బీఎన్‌సీ కేబుల్ తెచ్చి పెట్టేయొచ్చు. ఏ, బీలకి టెలిఫోన్ వాళ్ళ ప్లగ్గులు, 75 ఓమ్స్ తప్ప కో-యాక్స్ లేకపోవడం లాంటి తలనొప్పులు. హ్యామ్‌కైనా ఆడియో వాడికైనా సీ వెర్షనే సుఖం, కొంచెం ఎక్కువ పెట్టినా పర్లేదు. ఏ గానీ బీ గానీ మరీ చవగ్గా దొరికితే వదులుకోవద్దు కూడా: 50 ఓమ్స్ సోర్స్‌ని 75 ఓమ్స్ ఇన్‌పుట్‌కి నేరుగా పెట్టేస్తే మిస్‌మ్యాచ్ వల్ల పోయేది 0.18 డీబీయే, అది కూడా వద్దనుకుంటే 5.7 డీబీ మినిమమ్ లాస్ ప్యాడ్ రెండు రెసిస్టర్లతో కట్టుకుంటే అయిపోయె.

ఆడియోనే ముఖ్యం, అయినా పాతదే కావాలి అనే మొండివాళ్ళకి హెచ్‌పీ 3581ఏ. ఇది వేవ్ ఎనలైజర్, 15 హెర్ట్జ్ నుంచి 50 కిలోహెర్ట్జ్ వరకే, కానీ ఫిల్టర్ 3 హెర్ట్జ్ దాకా సన్నబడుతుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్ హమ్‌నీ, రెక్టిఫయర్ నుంచి వచ్చే 100నీ, 150నీ శుభ్రంగా విడదీసి ఏది ఎంతో చెప్తుంది, దాన్నిబట్టి దోషం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గాల్లో వస్తోందా, ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందా అన్నది తేల్చుకోవచ్చు. 3586 కూడా 50 హెర్ట్జ్ దాకా వస్తుంది అని కాగితం మీద ఉంటుంది గానీ అంత కిందకి వెళ్తే దాని సొంత లోకల్ ఆసిలేటర్ లీకేజీ ఫిల్టర్ అంచుల్లోంచి తొంగిచూస్తుంటుంది, అక్కడ నేను దాన్ని పూర్తిగా నమ్మను.

జర్మనీ సరుకు వాండెల్ గోల్టర్‌మన్, ఎస్‌పీఎం అని మొదలయ్యే మోడళ్ళు, రాయిట్లింగెన్ పక్కన తయారయ్యేవి. కట్టిన తీరు చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, ట్యూనింగ్ నాబ్ తిప్పుతుంటేనే తెలుస్తుంది. చిక్కల్లా కనెక్టర్లతోనే, సీమెన్స్ 1.6/5.6 రకం కోయాక్సియల్ కనెక్టర్లు ఉంటాయి, మన కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే మొహం వింతగా పెడతారు, అడాప్టర్లు కూడా కలిపి అమ్మేవాళ్ళ దగ్గరే కొనండి. మరీ పాతవాటి స్కేల్ డీబీలో కాకుండా నేపర్లలో ఉండొచ్చు, కంగారొద్దు, ఒక నేపర్ అంటే 8.686 డీబీ. యూరప్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఇవి దగ్గర్లోనే దొరుకుతాయి కాబట్టి వాళ్ళకి నా ఓటు వీటికే. హెచ్‌పీ 312ఏ లాంటి ఇంకా పాతవి, 1 కిలోహెర్ట్జ్ నుంచి 18 మెగాహెర్ట్జ్‌వి, చూడ్డానికి బాగుంటాయి, ఫిల్టర్ 200 హెర్ట్జ్ కంటే సన్నబడదు, షెల్ఫ్‌లో పెట్టుకోడానికైతే ఓకే.

ఇప్పుడు ఏది కొన్నా సరే తప్పకుండా చేసే తప్పు ఒకటి చెప్తా, నేను చేశా కాబట్టి. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోలిక, వోల్టేజ్‌తో కాదు. 0 డీబీఎం 600 ఓమ్స్ మీద 0.775 వోల్ట్, 75 మీద 0.274, 50 మీద 0.224. అదే వోల్టేజ్‌ని 600 సెట్టింగ్‌కీ 50 సెట్టింగ్‌కీ లెక్కేస్తే 10.8 డీబీ తేడా. ఇది తెలిసినవాళ్ళే ఇంకో గోతిలో పడతారు: ఆపాంప్‌తో కట్టిన ప్రీఆంప్‌ని తెచ్చి తిన్నగా 50 ఓమ్స్ ఇన్‌పుట్‌కి తగిలించా, మూడో హార్మోనిక్ మైనస్ 45 దగ్గర కూర్చుంది, రెండు రోజులు బోర్డంతా తిరగేసి, కెపాసిటర్లు మార్చి, ఐసీ అమ్మినవాడిని కూడా మనసులో తిట్టుకున్నా. తప్పు నాది. పాపం ఆ ఆపాంప్ 50 ఓమ్స్ లోడ్‌ని లాగలేక చస్తోంది, నేను కొలుస్తున్నది దాని కష్టాన్ని. 950 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టా, మొత్తం లోడ్ 1000 ఓమ్స్ అయింది, లెవెల్ ఇరవయ్యో వంతుకి అంటే 26 డీబీ తగ్గింది, హార్మోనిక్ ఎక్కడికో దిగిపోయింది. చేతిలో 950 లేకపోతే 910కి ఒక 39 కలపండి.

హార్మోనిక్ కనిపించగానే అది మీ సర్క్యూట్‌దో మీటర్ సొంతదో తేల్చుకునే చిట్కా కూడా ఇక్కడే చెప్పేస్తా. ఇన్‌పుట్ ముందు 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి, మీటర్ రేంజ్ మాత్రం కదపకండి. హార్మోనిక్ కూడా 10 డీబీయే తగ్గితే అది నిజంగా ఉన్నదే. రెండోది 20, మూడోది 30 తగ్గితే మీటర్ లోపల పుట్టినట్టు. ఇది టైనీఎస్‌ఏకీ ఎస్‌డీఆర్‌కీ కూడా పనిచేస్తుంది, స్పెక్ షీట్ చదవడం కంటే ఇదే నయం.

ట్రాన్స్‌మిటర్ కొలిచేటప్పుడు జాగ్రత్త. 100 వాట్లంటే ప్లస్ 50 డీబీఎం, ఈ మీటర్లు చూసేది ప్లస్ 20 దాకానే. పవర్ అంతా డమ్మీ లోడ్‌లోకి పంపి, మధ్యలో 50 లేదా 60 డీబీ ట్యాప్ పెట్టి కొంచెమే తీసుకోవాలి. అదేమీ లేకుండా ఒక్కసారి పొరపాటున పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కితే ఇన్‌పుట్ బోర్డ్ ఎగిరిపోతుంది, ఆ పార్టులు ఇప్పుడెక్కడా తయారవ్వట్లేదు. యాంటెన్నా పెట్టినప్పుడు కూడా దగ్గర్లో మీడియం వేవ్ స్టేషన్ ఉంటే మీరు ట్యూన్ చేసింది వేరైనా ఆ స్టేషన్ వచ్చి ఇన్‌పుట్‌ని ముంచేస్తుంది, ఫిల్టర్ సన్నగా ఉన్నది లోపల, గుమ్మం దగ్గర కాదు.

కొనేటప్పుడు "పవర్ ఆన్ అవుతోంది" అనే మాట నమ్మొద్దు, డిస్‌ప్లే వెలగడానికీ కొలవడానికీ చాలా దూరం. సొంత కాలిబ్రేషన్ పాస్ అయ్యిందా, అన్ని ఫిల్టర్లలో ఒకే సిగ్నల్‌కి ఒకే రీడింగ్ వస్తోందా, కీబోర్డ్ బటన్లు అన్నీ పడుతున్నాయా అని వీడియో అడగండి. వెనక వోల్టేజ్ సెలెక్టర్ చూడకుండా ప్లగ్ పెట్టొద్దు, అమెరికా నుంచి వచ్చింది 120లో ఉంటుంది, మన 230కి పెడితే పొగే. 220, 240 రెండూ ఉంటే 240లో పెట్టుకోండి, ఆ కాలం హెచ్‌పీల్లో 220 సెట్టింగ్ పైకి అయిదు శాతమే ఓర్చుకుంటుంది, అంటే 231 దగ్గరే గీత. మొదటిసారి సిరీస్ బల్బు పెట్టి ఆన్ చేయడం మన రేడియో మెకానిక్కుల పద్ధతి, దానికి మించింది లేదు. షిప్పింగ్ ఖర్చు చాలాసార్లు మీటర్ ధరని దాటేస్తుంది. నాది అమెరికా నుంచి మా కజిన్ చెకిన్ బ్యాగ్‌లో తెస్తానంది, బ్యాగ్ లిమిట్ 23 కేజీలు, మీటర్ ఒక్కటే అంత ఉంది, సూట్‌కేస్ బరువు ఎక్కడ పెట్టాలి? చివరికి టాప్ కవర్లూ హ్యాండిళ్ళూ ఊడదీసి ఇంకో బ్యాగ్‌లో సర్దింది, తిరుగు ప్రయాణంలో అదే సూట్‌కేస్‌లో ఆవకాయ జాడీలు పోయాయి.

ఇంకొక్కటి, ఇది అవసరం కింద రాదు, సరదా కింద రాసుకోండి. 3586లో కౌంటర్ ఉంది, ఫిల్టర్‌లో పడ్డ సిగ్నల్ ఫ్రీక్వెన్సీని 0.1 హెర్ట్జ్ దాకా చెప్తుంది. అమెరికాలో ఏఆర్‌ఆర్‌ఎల్ (అక్కడి హ్యాముల సంఘం) ఫ్రీక్వెన్సీ మెజరింగ్ టెస్ట్ ఆడే హ్యాములు దీన్ని వదలకపోవడానికి కారణం అదే. కాకపోతే ఆ చివరి అంకెకి విలువ రావాలంటే రిఫరెన్స్ బాగుండాలి, 10 మెగాహెర్ట్జ్ దగ్గర మిలియన్‌లో ఒక వంతు తప్పంటే 10 హెర్ట్జ్, కాబట్టి లోపల అవెన్ ఆసిలేటర్ (ఒకే వేడిలో ఉంచే క్రిస్టల్) ఉన్న పీసు చూసుకోండి లేదా జీపీఎస్ రిఫరెన్స్ వెనక తగిలించండి. నేను జీపీఎస్ పెట్టాక రాత్రిళ్ళు చేసే పని, హైదరాబాద్ ఆకాశవాణి 738, విజయవాడ 837, విశాఖ 927 కిలోహెర్ట్జ్ ఒక్కోటీ కొట్టి, క్యారియర్ ఎన్ని పాయింట్ల హెర్ట్జ్ అటూ ఇటూ ఉందో నోట్‌బుక్‌లో రాసుకోవడం. వార్తలు వస్తుంటాయి, నేను అంకెలు చూస్తుంటా, మా ఆవిడ సౌండ్ పెంచమంటుంది.